కషాయం చెప్పే తీర్పు

సిద్దమ్మతో నాకు పద్దెనిమిదేళ్ళ కొట్లాట. ఏఎన్ఎంగా ఈ ఊరి సబ్‌సెంటర్‌లో చేరిన వారానికే మొదలైంది. పద్మజ సిస్టర్ గొంతు, అంటే నా గొంతు, వీధి చివరిదాకా వినబడుతోందంటే ఎదురుగా సిద్దమ్మ ఉన్నట్టేనని ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. నాకు బీపీ ఉంది. అందులో సగం ఆవిడ పుణ్యమే.

మాది రాయదుర్గం నుంచి కణేకల్ పోయే దారిలో, రోడ్డుకు రెండు కిలోమీటర్లు లోపలికి ఉన్న ఊరు. సిద్దమ్మ ఒకప్పుడు ఇక్కడ మంత్రసాని. ఇప్పుడు డెబ్బై దాటాయి. నూట ఎనిమిది బండి వచ్చి కాన్పులన్నీ ఆస్పత్రుల్లో జరగడం మొదలయ్యాక, బొడ్డు కోసే పని ఆవిడ చేతుల్లోంచి జారిపోయింది. అంతటితో ఊరుకుని ఉంటే నా ఉద్యోగం హాయిగా సాగేది. కానీ ఒక్క పని మాత్రం ఆవిడా వదల్లేదు, ఊరూ వదలనివ్వలేదు. అది తీర్పు చెప్పే పని.

ఎవరికైనా నొప్పులు మొదలైతే ముందు నాకు ఫోన్ చెయ్యరు. సిద్దమ్మకు కబురు పెడతారు. ఆవిడ తీరిగ్గా వచ్చి, పొయ్యి మీద నీళ్ళు పెట్టి, జీలకర్ర దంచి వేసి, ఇంత బెల్లం వేసి, పెద్ద చెంబుడు కషాయం కాస్తుంది. చివరి చుక్క దాకా తాగించి, మనిషిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, తను పక్కనే వక్కాకు నములుతూ కూర్చుంటుంది. గంటలో నొప్పులు ముదిరితే నిజం నొప్పులు, బండి పిలవండి అంటుంది. తగ్గిపోతే దొంగ నొప్పులు, లేచి పని చూసుకో అంటుంది. ఆ మాట మీద అప్పీలు లేదు.

జనం ఎందుకు నమ్ముతారో నాకు తెలుసు, తెలిసినందుకే ఎక్కువ ఒళ్ళు మండుతుంది. దొంగ నొప్పులతో ఆస్పత్రికి పోతే అక్కడ తిట్లు తినాలి. నొప్పులు రాకముందే ఎందుకొచ్చినారు, మంచాలు ఖాళీ లేవు, పోయి రేపు రాండి అంటారు. పది నెలల కడుపుతో బస్సెక్కి వెనక్కి రావడం ఎంత నామోషీయో ఆడవాళ్ళకు తెలుసు. ఆ తిట్లలో నా వాటా కూడా ఉంది. ఎండలో నాలుగు ఊళ్ళు తిరిగి, పనిచెయ్యని యాప్‌లో పేర్లెక్కించి వచ్చేసరికి నా నోరు కూడా అంత మంచిగా ఉండదు.

సిద్దమ్మకు నేను చెప్పి చూడలేదా అంటే, చెప్పి చెప్పి గొంతు పోయింది.

"అవ్వా, గర్భసంచి ఒక కండ. అది ఒంట్లో పుట్టే మందుల మాట ఇంటాది గానీ నీ మాట ఇనదు" అనేదాన్ని. ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ రక్తంలో తిరుగుతూ నెలల తరబడి ఆ కండను జోకొట్టి పడుకోబెడుతుందని చెప్పాను. నెలలు నిండేసరికి ఆ జోల పని చెయ్యడం మానేస్తుందని, ఆక్సిటోసిన్ అనే ఇంకో హార్మోన్ వచ్చి తట్టే తలుపులు గర్భసంచి నిండా లేచి నిలబడతాయని, ప్రోస్టాగ్లాండిన్లు అనేవి దానికి తోడవుతాయని, అప్పుడు కండ బిగిసి, వదిలి, మళ్ళీ బిగుస్తుందని, నొప్పులంటే అవేనని చెప్పాను. ట్రైనింగులో రాసుకున్న నోటుబుక్కు తెచ్చి బొమ్మ కూడా చూపించాను.

ఆవిడ బొమ్మను దూరంగా పట్టుకుని చూసి, నోట్లో వక్క ఇంకో బుగ్గకు తిప్పి, "సరే నర్సమ్మా, నీ మందులు నువ్వు చెప్పు, నా కసాయం నేనిస్తా. నా మాట యాడ తప్పిందో చూపించు" అంది.

చూపించడానికి నా దగ్గర ఒకటి ఉంది. కానీ అది ఆవిడ ముఖాన అనలేను. పదహారేళ్ళ కిందట ఆవిడ కూతురు మహేశ్వరికి ఏడో నెలలో నొప్పులొచ్చాయి. సిద్దమ్మే కషాయం ఇచ్చింది. తగ్గాయి. దొంగ నొప్పులని చెప్పి మర్నాడు కూతుర్ని వెంటబెట్టుకుని శనక్కాయ పీకడానికి పోయింది. చేను మధ్యలోనే కాన్పయింది. నేను సైకిలు మీద పోయి చేరేసరికి బిడ్డ చల్లబడింది. మహేశ్వరికి మళ్ళీ కడుపు పండలేదు. ఇప్పుడు ఊళ్ళో అంగన్‌వాడీలో ఆయాగా పనిచేస్తోంది. ఊరి పిల్లలందరికీ గుడ్లు ఒలిచి పెడుతుంది, తల్లితో అవసరమైతే తప్ప మాట్లాడదు. ఆ రోజు రిజిస్టర్‌లో 'నెలలు నిండని కాన్పు, శిశువు మృతి' అని నేనే రాశాను. చేలో పడి ఉన్న మనిషిని ముందే నా దగ్గరికి ఎందుకు రాలేదని కూడా నేనే తిట్టాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇక రూతు సంగతి. రూతుకు ఇరవైమూడేళ్ళు. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లకు వెనక జేబులు కుట్టే పని. మొగుడు ఇమ్మానుయేల్ ఆటో తోలుతాడు, మా ఊరి ఆడవాళ్ళను పొద్దున్నే ఆ కుట్టు యూనిట్ దగ్గర దించి సాయంత్రం తీసుకొచ్చేది ఆ ఆటోలోనే. పెళ్ళైన నాలుగేళ్ళకు మొదటి కడుపు. ఏడో నెల దాటే దాకా రక్తం, బరువు, బీపీ అన్నీ బాగున్నాయని నేనే సంతకం పెట్టాను.

మే నెల రెండో వారం, మంగళవారం మధ్యాహ్నం, రూతుకు నొప్పులొచ్చాయని ఎవరో చెబితే పరుగెత్తాను. ముప్పై ఒకటో వారం. ఆ వయసులో బిడ్డ బయటికొస్తే ఊపిరి తీసుకోవడానికే యుద్ధం చెయ్యాలి. ఇంట్లోకి పోయేసరికి సిద్దమ్మ అప్పటికే చెంబు ఖాళీ చేయించి, పిల్లను పక్కకు తిప్పి, విసనకర్రతో విసురుతోంది.

"అవ్వా, నీకేమన్నా బుద్ధుండాదా? ఇది పది నెలల కడుపా, కసాయం పోసి కూర్చోడానికి?" అన్నాను.

"అరవద్దు. అరిస్తే పిల్ల బెదురుతాది" అంది, నా వైపు చూడకుండానే.

నూట ఎనిమిదికి ఫోన్ చేస్తే బండి ఇంకో ఊరికి పోయింది, గంట పడుతుందన్నారు. కడుపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. పది నిమిషాలకొకసారి రాయిలా గట్టిపడుతోంది. తర్వాత పదిహేను నిమిషాలైంది. తర్వాత అరగంట. బండి బయలుదేరే వేళకు కడుపు మెత్తబడింది. బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది.

"దొంగ నొప్పులు" అని సిద్దమ్మ చెంగు దులుపుకుని లేచింది.

ఇక్కడ నేను చేసిన పని దాచుకోను. బండి వద్దని చెప్పింది నేనే. నోటితో కషాయాన్ని తిడుతూనే, లోపల దాని తీర్పు నేను కూడా నమ్మాను. నొప్పులు ఆగాయి కదా అనుకున్నాను. ఎందుకొచ్చాయని అడగలేదు. రెండు రోజులు పడుకో, శుక్రవారం ఆస్పత్రిలో చూపించుకుందువు అని చెప్పి వచ్చేశాను.

రూతు పడుకున్నది ఒక్క రోజు. గురువారం లైన్‌లో మనుషులు తక్కువయ్యారని సూపర్‌వైజర్ ఫోన్ చేస్తే పోయింది. అవ్వ దొంగ నొప్పులంది, సిస్టర్ బండి వద్దంది, ఇంకేం భయం అనుకుందట. శుక్రవారం ఆస్పత్రికి పోవాల్సిన మనిషి మళ్ళీ కుట్టుమిషన్ ముందు కూర్చుంది. పదకొండు గంటలకు ఇమ్మానుయేల్ ఫోన్ చేశాడు.

"సిస్టరమ్మా, మల్లా వస్తాండాయి. ఈసారి ఆగల్యా. ఆటోలోనే ఆస్పత్రికి తోలుకపోతాండా, మీరు రాండి" అన్నాడు.

నేను ఊళ్ళోకి వచ్చే బస్సు కోసం స్టాపుకు పరుగెత్తితే అక్కడ సిద్దమ్మ నిలబడి ఉంది, ఆవిడకూ కబురు అందినట్టుంది, చేతిలో మూత పెట్టిన చెంబు. ఆ చెంబు చూడగానే నాకు నషాళానికి అంటింది. దాన్ని ఆస్పత్రిలోకి తెస్తే నేను మనిషిని కానని చెప్పాను. బస్సులో ఇరవై నిమిషాలూ ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, చిందకుండా రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

ఆస్పత్రిలో డాక్టర్ దివాకర్ రూతును అప్పటికే పడుకోబెట్టి సెలైన్ ఎక్కిస్తున్నాడు. మూత్రం పరీక్షకు తీసిన సీసా చూపించాడు. డికాక్షన్ రంగులో ఉంది.

"ఏం పాపా, పొద్దున్నుంచి ఎన్ని నీళ్ళు తాగినావు?"

రూతు నా వైపు చూసింది, తర్వాత గోడ వైపు చూసింది. "తాగలేదు సార్" అంది.

"నిన్న?"

"ఇంటికొచ్చినాక తాగినా."

మెల్లగా బయటపడింది. రేకుల షెడ్డు, అరవై మంది ఆడవాళ్ళు. రెండు మరుగుదొడ్లు ఉంటే ఒకదాంట్లో నీళ్ళు రావని మూసేశారు. రెండోదాని తాళంచెవి సూపర్‌వైజర్ విష్ణువర్ధన్ జేబులో ఉంటుంది. లైన్ మధ్యలో లేచి, మగవాళ్ళ ముందు నుంచి నడిచిపోయి, తాళంచెవి అడగాలి. మళ్ళీనా అంటాడు. అందుకని పొద్దున్న ఇంట్లోంచి బయలుదేరేటప్పుడే నీళ్ళు మానేస్తారు. ఒక్క రూతు కాదు, అందరూ. మే నెల ఎండలో పది గంటలు.

నాకు కోపం వచ్చింది. విష్ణువర్ధన్ మీద వచ్చింది, రూతు మీద వచ్చింది, అన్నిటికన్నా నా రిజిస్టర్ మీద వచ్చింది. దాంట్లో నలభై గడులున్నాయి. నీళ్ళు తాగుతున్నావా అని అడిగే గడి లేదు. గడి లేదని ఏడు నెలలు నేనూ అడగలేదు.

దివాకర్ చిన్నవాడు, ఓపిక ఉన్నవాడు. రూతుకు అర్థమయ్యేలా చెప్పాడు. "ఒంట్లో నీళ్ళు తగ్గితే మెదడు కిడ్నీలకు కబురు పంపుతుందమ్మా, ఉన్న నీళ్ళు పోనియ్యద్దని. ఆ కబురు మోసే హార్మోనూ, నొప్పులు తెప్పించే హార్మోనూ అక్కచెల్లెళ్ళు. పుట్టేది ఒక చోటే, పోలికలు కూడా ఒకటే. అక్క ఎక్కువసార్లు వస్తే చెల్లెలే వచ్చిందనుకుని గర్భసంచి బిగుసుకోవచ్చు. దానికి తోడు ఆపుకుని ఆపుకుని మూత్రంలో ఇన్‌ఫెక్షన్ చేరింది. ఇన్‌ఫెక్షన్ ఉన్న చోట ప్రోస్టాగ్లాండిన్లు పుడతాయి. అవి గర్భసంచిని ఊరికే కూర్చోనియ్యవు."

కండలోకి క్యాల్షియం పోతే తప్ప అది బిగుసుకోలేదని, ఆ దారి మూసే మాత్ర ఇచ్చానని చెప్పాడు. రెండు రోజులు ఆపగలిగినా చాలు, ఈలోగా బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడే సూదులు పనిచేస్తాయన్నాడు. ఆగకపోతే అనంతపురం పంపాలి.

అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ సిద్దమ్మ నోరు విప్పింది. "మంగళారం నా కసాయానికి తగ్గినాయి సార్."

నేను పళ్ళు కొరుక్కున్నాను. దివాకర్ మాత్రం వెనక్కి తిరిగి, "ఎంత తాగించినావవ్వా?" అని అడిగాడు. ఆవిడ చెంబు పైకెత్తి చూపించింది. లీటరుకు తక్కువ పట్టదు.

"అయితే సగం వైద్యం నువ్వే చేసినావు" అని నవ్వాడు. "జీలకర్ర సంగతి నాకు తెలీదు గానీ, నీళ్ళు పోయినాయి కదా, పక్కకు పడుకోబెట్టినావు కదా. దానికి తగ్గి ఉండొచ్చు."

సిద్దమ్మ నా వైపు చూసిన చూపు చెప్పలేను. పద్దెనిమిదేళ్ళ కొట్లాట ఆ ఒక్క చూపులో గెలిచేసింది. ఆ ముఖం చూస్తే నాకు గోడకు తల కొట్టుకోవాలనిపించింది.

దివాకర్ ఇంకా ఆపలేదు. "కానీ అవ్వా, తగ్గినాయి కాబట్టి దొంగ నొప్పులు అన్నావు చూడు, అది తప్పు. నొప్పులు నిజమైనవే. నీళ్ళు పోస్తే అణిగినాయి, అంతే. ఎండిపోతే మళ్ళా వస్తాయి. అట్లని నీళ్ళు తాగిస్తే అందరికీ ఆగవు. ఆగినా ఆగకపోయినా ఆస్పత్రికి రావాల్సిందే."

సిద్దమ్మ చెంబు దించింది. బయటికి పోయి వరండాలో బల్ల మీద కూర్చుంది.

చాలాసేపటికి నేను పోయి పక్కన కూర్చున్నాను. రూతుకు నొప్పుల మధ్య ఎడం పెరుగుతోందని చెప్పాను. ఆవిడ విన్నట్టు లేదు.

"నర్సమ్మా" అంది. "ఆ పొద్దు చేన్లో నీల్ల బిందె గట్టు మీద ఉన్నింది. మా మహేశ్వరి రెండుసార్లు లేచింది తాగొస్తానని. నేనే వద్దన్నా. మాటిమాటికి లేస్తే సాలు ఎనకబడ్తాదన్నా. ముందురోజు నా కసాయంతోనే తగ్గినాయి గదా, ఇంగేముండాది అనుకున్నా." చెంబు మూత తీసి మళ్ళీ పెట్టింది. "అయితే అది దాహమా?"

పద్దెనిమిదేళ్ళుగా ఈవిడను ఒక్కసారి ఓడించాలని నేను కోరుకున్నాను. ఇప్పుడు ఓడిపోయి నా పక్కనే కూర్చుంటే ఆ గెలుపు నాకు వద్దనిపించింది. అబద్ధం చెప్పడానికి కూడా నోరు రాలేదు.

"డాక్టరు చెప్పినాడు గదవ్వా, అందరికీ నీళ్ళతో ఆగవని. మహేశ్వరికి ఏమైందో ఇప్పుడు ఎవురూ చెప్పలేరు" అన్నాను. అది నిజమే. నిజమైనా ఆవిడకు దాంతో ఒరిగిందేమీ లేదు.

రూతు నొప్పులు మర్నాటికి ఆగాయి. ఆరు రోజులు ఆస్పత్రిలో ఉంచి, ఇంక పనికి పోవద్దని చెప్పి పంపారు. నేను ఆ యూనిట్ మరుగుదొడ్ల గురించి పైవాళ్ళకు ఒక ఉత్తరం రాశాను. పై ఆఫీసుకు పంపుతామన్నారు. అది ఇప్పటికీ పోతూనే ఉంది.

సిద్దమ్మ ఉత్తరం రాయలేదు. సోమవారం పొద్దున ఒక బిందెడు కషాయం కాచి ఇమ్మానుయేల్ ఆటోలో పెట్టించుకుని, తనూ ఎక్కి యూనిట్‌కు పోయింది. షెడ్డులోకి పోయి లైన్ వెంబడి ఒక్కొక్కరికీ గ్లాసు పట్టించింది. విష్ణువర్ధన్ పరుగెత్తుకొచ్చి, "ఏమవ్వా, ఇదేమన్నా పెండ్లా?" అన్నాడట.

"కాదప్పా. ఇంగ అర్ధగంటకు అరవై మందికీ ఒంటికి వస్తాది. ఆ బీగం చెవి ఇట్లియ్యి."

మూడు రోజులు వరసగా పోయింది. మూడో రోజు మరుగుదొడ్డి ముందు వరస షెడ్డు బయటిదాకా నిలబడి, లైన్ మొత్తం ఆగిపోయింది. నాలుగో రోజు యజమానే వచ్చి తాళం తీసేయించాడు. వారానికి, మూసేసినదాంట్లో కూడా నీళ్ళొచ్చాయి. నా ఉత్తరం ఎక్కడుందో అడగడం నేను మానుకున్నాను.

జూలై మొదటి వారంలో, పొద్దున ఎనిమిది గంటలకు రూతుకు మళ్ళీ నొప్పులు మొదలయ్యాయి. ముప్పై తొమ్మిదో వారం. ఈసారి ముందు నాకే ఫోన్ వచ్చింది, నేను నూట ఎనిమిదికి చెప్పి బయలుదేరాను. పోయేసరికి సందులో ఆడవాళ్ళందరూ గుమిగూడి ఉన్నారు. సిద్దమ్మ లోపల రూతు చేత చెంబెత్తి తాగిస్తోంది. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. ఇంత జరిగినా ఈ ముసలిదానికి బుద్ధి రాలేదని, గడప దగ్గరే చెప్పులు విసిరేశాను.

మహేశ్వరి కూడా అక్కడే ఉంది. రూతుకు రావాల్సిన పాలు, గుడ్లు ఇచ్చి పోదామని అంగన్‌వాడీ నుంచి వచ్చింది. లోపలికి రాకుండా వాకిట్లోనే, గుడ్ల సంచి పట్టుకుని నిలబడింది.

చెంబు ఖాళీ అయింది. రూతు పక్కకు తిరిగి పడుకుంది. అలవాటు ప్రకారం అందరూ సిద్దమ్మ ముఖం చూస్తూ కూర్చున్నారు. ఎవరో ఆగలేక అడిగారు.

"ఏమవ్వా, నిజమా, దొంగా?"

బయట బండి హారన్ వినబడింది. సిద్దమ్మ రూతు చెయ్యి పట్టుకుని లేపి, వాకిలి దాకా నడిపించుకొచ్చి, అక్కడ కూతురు ఎదురుగా ఆగింది.

"నాకు తెలీదు" అంది. ఊళ్ళో ఎవరూ ఆవిడ నోట ఆ మాట విని ఎరగరు. ఇది రూతు కోసం అన్న మాట కాదని నాకు అర్థమైంది. ఆవిడ మహేశ్వరినే చూస్తోంది. "ఆ పొద్దు గూడా తెలీదు మ్మే. తెలుసని చెప్పినా."

మహేశ్వరి గుడ్ల సంచి నా చేతికిచ్చింది. రూతు రెండో చెయ్యి తను పట్టుకుంది. తల్లీకూతుళ్ళు ఇద్దరూ రూతుకు చెరోపక్కా నిలబడి, ఆమెను మెల్లగా బండి ఎక్కించారు.